జమున పిలిచిందని

విశాలాక్షి మేడమ్ పాఠం చెబుతుంటే జమునకు నోట్సు రాసుకోవడం కూడా గుర్తుండేది కాదు. సూరత్‌లో పుట్టి పెరిగి, హిందీలో ఆడుకుని, గుజరాతీలో చదువుకున్న పిల్లకు యూనివర్సిటీలో తెలుగు మాట్లాడే ప్రొఫెసరు దొరకడమే పెద్ద సంబరం. పైగా ఆమె మామూలు మనిషి కాదు. ప్లేగు వచ్చిన ఏడాది జనం రైళ్ళకు వేలాడుతూ ఊరు విడిచి పారిపోతుంటే, కొత్తగా డాక్టరు పట్టా చేతికొచ్చిన ఆమె అవే రైళ్ళలో ఎదురు వచ్చి ఇక్కడ దిగింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య శాఖలో పనిచేసి, ఇప్పుడు పిల్లలకు జబ్బులు ఎలా పాకుతాయో చెప్పే ఎపిడెమియాలజీ, అత్యవసర సన్నద్ధత బోధిస్తోంది.

"ఆ రోజు స్టేషన్లో నేను చూసింది ప్లేగు కాదర్రా, భయం," అనేది క్లాసులో. "తొక్కిసలాటలో ఒక తల్లి చేతిలోంచి బిడ్డ జారిపోవడం ఈ కళ్ళతో చూశాను. రోగానికి మందుంది. భయపడ్డ గుంపుకి లేదు."

ఆ మాటలు చెప్పేటప్పుడు ఆమె గొంతు కాస్త వణికేది. జమున కళ్ళు చెమర్చేవి.

జమున తండ్రి సోమలింగం సిరిసిల్ల దిక్కునుంచి పెళ్ళికి ముందే వచ్చి సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదురుకున్నాడు. తల్లి సమ్మక్క సలాబత్‌పురా వ్యాపారుల దగ్గర చీరల కట్టలు తెచ్చుకుని, ఇంట్లోనే కూర్చుని, అంచుల వెంట వేలాడే దారాలు కత్తిరించి తిరిగి ఇస్తుంది. అమ్రోలి దాటాక మూడంతస్తుల బిల్డింగులు నాలుగు వరసలుగా ఉన్నచోట, కింది అంతస్తులో వాళ్ళ గది. ఆ వరసల్లో సగానికి పైగా తెలుగువాళ్ళే. వెనక చిన్న మైదానం, మైదానం అంచున ఒక అద్దకం మిల్లు గోడ. ఆ వరసల్లోంచి ప్రజారోగ్యంలో ఎం.పి.హెచ్. దాకా వచ్చింది జమున ఒక్కతే.

మేడమ్ ఆమెను ఆదివారాలు ఇంటికి పిలిచేది. ముద్దపప్పు, దోసావకాయ పెట్టి, కంచం ఖాళీ అయ్యేదాకా పక్కన కూర్చునేది. ఎక్కడ పొరపాటు చేసినా మెత్తగా దిద్దేది. "ఎంతమందికి జబ్బు చేసిందని ఊరుకోకూడదమ్మా. ఎవరికి చెయ్యలేదో కూడా అడగాలి. అసలు సంగతి అక్కడ దాక్కుంటుంది," అని ఆమె చెప్పిన మాటను జమున ఇంట్లో అమ్మకు కూడా వివరించింది. సమ్మక్క దారం కత్తిరిస్తూ, "మీ మేడమ్ తెలివిగల్లదే," అంది.

రెండో ఏడాది మొదట్లో మేడమ్ క్లాసును హజీరాకు తీసుకెళ్ళి, అక్కడి ఒక కర్మాగారంలో మాక్ డ్రిల్ చూపించింది. సైరన్ మోగగానే ఉద్యోగులు వరసకట్టి నడిచారు. తిరుగు ప్రయాణంలో కంపెనీ బస్సులో జమున ఆమె పక్కన కూర్చుని, "ఇది మా బస్తీలో చెయ్యాలి మేడమ్. మిల్లు లోపలివాళ్ళకు అన్నీ నేర్పుతారు. గోడ ఇవతల ఉన్నోళ్ళకు ఎవ్వరూ ఏమీ చెప్పరు," అంది.

మేడమ్ ఆమె చెయ్యి పట్టుకుంది. "చేద్దాం. నీ మాస్టర్స్ ప్రాజెక్టు ఇదే."

మిల్లువాళ్ళు ఒప్పుకున్నారు. పరిశ్రమల సంఘం కూడా ముందుకొచ్చింది. యూనివర్సిటీలో అత్యవసర శిక్షణకు ప్రత్యేక కేంద్రం పెట్టించాలన్నది మేడమ్ చిరకాల కోరిక. ఈ డ్రిల్ బాగా జరిగితే అది కూడా కదులుతుందని ఆమె ఆశ. ఊహించిన ప్రమాదం ఇది: మిల్లులో మురికినీళ్ళు శుద్ధి చేసే షెడ్డులో క్లోరిన్ సిలిండరు కారుతుంది, జనాన్ని బయటికి పిలిచి మైదానంలో వరసగా నిలబెడతారు, రోగులుగా నటించేవాళ్ళను అంబులెన్సు ఎక్కిస్తారు.

"మైదానం మిల్లు గోడకు ఆనుకునే ఉంది కదా మేడమ్. గాలి ఇటు తిరిగితే?" అని జమున అడిగింది.

మేడమ్ ముఖం వెలిగింది. "అలా అడగాలి! నిజంగా గ్యాస్ వస్తే మైదానం మాట ఎత్తకూడదు. క్లోరిన్ బరువు, నేలను పట్టుకుని పాకుతుంది. గాలికి అడ్డంగా తప్పించి మేడల మీదికి ఎక్కించాలి. కానీ ఇది అభ్యాసమే కదా. వేరే ఖాళీ జాగా ఎక్కడుంది?"

ఇక జమున ఇంటింటికీ తిరిగింది. పగటి పాళీవాళ్ళకు సాయంత్రం, రాత్రి పాళీవాళ్ళకు పొద్దున చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు మిల్లువాళ్ళ నాటకమన్నారు. పక్క గది వెంకటవ్వకు మాత్రం చాలా ఉషారు. ఆమెకు ఉబ్బసం. మనవడు సురేశ్ సాంచల మీదికి వెళ్ళిపోతే రోజంతా గడపలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరించడమే పని.

"నాకేం పని చెప్తవే?" అని అడిగింది.

"నువ్వు రోగిలెక్క పండాలె అవ్వా. నిన్ను అంబులెన్సుల ఎక్కిస్తరు."

"పండుడే గద, ఎంతసేపు పండుమన్నా పంట," అని నవ్వి, మళ్ళీ అడిగింది. "గాని బిడ్డా, నిజంగ గ్యాస్ అచ్చిననాడు గూడ నువ్వే చెప్తవా?"

"నేనే చెప్త అవ్వా."

డ్రిల్ రోజు వానలు వెనకబట్టి ఎండ కాస్తోంది. జమున చేతి మైకు పట్టుకుని మైదానం మధ్యలో నిలబడి మనుషులు నిలబడవలసిన గీతలు సరిచూసుకుంటోంది. తోటి విద్యార్థులను తీసుకొచ్చే వ్యాన్ ఇంకా రాలేదు. అనుకున్న వేళకు గంట ముందే మేడమ్ ఫోను చేసింది.

"జమునా, ఇప్పుడే మొదలుపెట్టు."

"ఇప్పుడా? వ్యాన్ రాలేదు కదా మేడమ్?"

"మేం మెయిన్ రోడ్డు మీద ఉన్నాం. అంబులెన్సు కూడా వస్తోంది. నువ్వు జనాన్ని బయటికి రప్పించు. కంగారు పెట్టకు, నవ్వుతూ పిలువు. డ్రిల్ అని గట్టిగా చెప్పు."

ఆమె గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. జమున ఇంకేమీ అడగలేదు. మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"అక్కా, అన్నా, అవ్వా, అందరు బయటికి రండ్రి! డ్రిల్ షురువైంది. భయపడకుండ్రి, ఉత్త డ్రిల్లే! పిల్లల చెయ్యి వట్టుకొని మెల్లగ గ్రౌండుల్కి రండ్రి!"

తలుపులు తెరుచుకున్నాయి. సమ్మక్క ఒళ్ళోని చీర పక్కన పెట్టి అందరికన్నా ముందు బయటికి వచ్చింది. గడపల్లో తటపటాయిస్తున్న ఆడవాళ్ళను, "మా జమున పిలుస్తుందే, నడువుండ్రి," అని తొందరపెట్టింది. వెంకటవ్వను రెక్క పట్టి నడిపించుకొచ్చి, గోడ దగ్గర రోగుల కోసం పరిచిన చాప మీద కూర్చోబెట్టింది. జమున వచ్చి అవ్వ మెడలో ఎర్ర బిళ్ళ వేసింది. ప్రాణాపాయంలో ఉన్న రోగి అని ఆ బిళ్ళ గుర్తు. వెంకటవ్వ దాన్ని నగలాగా సవరించుకుంటే అందరూ నవ్వారు.

ముందుగా దగ్గింది కూడా వెంకటవ్వే.

"అవ్వ ఎంత మంచిగ జేస్తుందో చూడుండ్రి!" అన్నారెవరో. ఇంకా నవ్వారు. అవ్వ చెయ్యి ఊపింది. అది కూడా నటనే అనుకున్నారు.

సమ్మక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వచ్చింది. "ఏందే బిడ్డా, కండ్లు గిట్ల మండుతున్నయి? డ్రిల్లుకు పొగ గిట్ట పెట్టిండ్రా?"

అప్పుడు తగిలింది జమునకు ఆ వాసన. నీళ్ళ ట్యాంకులో బ్లీచింగ్ కలిపినప్పుడు వచ్చే ఘాటు. గొంతులో గీరినట్టయింది. తలెత్తి డాబాల మీద ఆరేసిన చీరలు చూసింది. అవన్నీ మిల్లువైపునుంచి మైదానంవైపు ఎగురుతున్నాయి.

పొగ పెట్టడం డ్రిల్‌లో లేదు.

"డ్రిల్ గాదు!" అని అరిచింది. మైకు నోటికి తగిలి పెదవి చిట్లింది. "నిజం గ్యాస్! గోడ కాడికెల్లి పక్కకు వోండ్రి! ఎడమ గల్లీలకెల్లి మెట్లెక్కుండ్రి, పైకి, మేడమీదికి! నోటికి తడిబట్ట వెట్టుకోండ్రి!"

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. డ్రిల్ అన్న గొంతే డ్రిల్ కాదంటోంది. ఏది నమ్మాలి? తర్వాత ఒక పిల్ల వాంతి చేసుకుంది. అప్పుడు కదిలారు. తోసుకున్నారు గానీ ఎవరూ తొక్కుకోలేదు. పెద్దవాళ్ళు పిల్లల్ని ఎత్తుకున్నారు. మెట్ల దగ్గర ఒకళ్ళకొకళ్ళు చెయ్యిచ్చుకున్నారు. జమున, సమ్మక్క వెంకటవ్వను చాపతో సహా లాగారు. అవ్వ పెదవులు నీలంగా మారాయి. ఆమె జమున ముఖంలోకి చూసింది.

మూడోనాడు ఆసుపత్రిలో వెంకటవ్వ చనిపోయింది. సమ్మక్కకు ఊపిరి పట్టేయడం తగ్గలేదు. ఇంకా చాలామంది వార్డులోనే ఉన్నారు.

ఆ మూడు రోజులూ జమున ఆసుపత్రి కారిడార్లోనే ఉంది. మేడమ్ గురించి ఆమెకు దిగులే తప్ప అనుమానం లేదు. పాపం, ఆమెకు కూడా తెలియకుండానే ఇదంతా జరిగిపోయిందని, ఆమె ఎంత కుంగిపోయి ఉంటుందోనని అనుకుంది. పండ్లు తీసుకుని చూడటానికి వచ్చిన క్లాస్‌మేట్ జయదేవ్ ఏమీ తెలియక అన్నాడు:

"లక్కీగా మేడమ్ మమ్మల్ని వ్యాన్ దిగనివ్వలేదు జమునా. మాస్కులిచ్చి, అద్దాలు మూసెయ్యమంది. లేకపోతే మేం కూడా ఇక్కడే ఉండేవాళ్ళం."

"ఎప్పుడు?"

"నీకు ఫోన్ చేసే ముందే."

జమున చేతిలోని పండ్ల సంచీ అతనికే తిరిగిచ్చేసి బయటికి నడిచింది.

మేడమ్ గది తలుపు ఎప్పటిలాగే తెరిచే ఉంది. జమునను చూడగానే లేచి ఎదురొచ్చింది. "రామ్మా, తిన్నావా?" అంది.

"మీకు తెలుసా మేడమ్?"

ఆమె తలుపు మూసింది. అబద్ధం చెబుతుందేమోనని జమున ఎదురుచూసింది. చెబితే బాగుండునని కూడా అనుకుంది.

"తెలుసు," అంది విశాలాక్షి. "మిల్లు మేనేజరు ఫోను చేశాడు. వాల్వు దగ్గర కాస్త కారుతోంది, కాసేపట్లో కట్టేస్తాం అన్నాడు. సైరన్ మోగిస్తే ఏమవుతుంది? మీ వరసలకు ఉన్నది ఒక్కటే గేటు. అందరూ దానిమీద పడతారు. డ్రిల్ అంటే కుదురుగా వస్తారనుకున్నాను. కాస్త కారితే గోడ దాటి రాదనుకున్నాను."

"మైదానం మాట ఎత్తొద్దని చెప్పింది మీరే."

"అవును. ఆ క్షణంలో నాకు గాలి గుర్తు రాలేదు జమునా. తొక్కిసలాట ఒక్కటే గుర్తొచ్చింది."

"నాకు చెప్పొచ్చు కదా మేడమ్. నాకొక్కదానికి. నేను అందర్నీ పైకి ఎక్కించేదాన్ని."

"నీకు చెబితే నీ గొంతు మారిపోయేది. వాళ్ళు పట్టేసేవాళ్ళు."

ఇన్నాళ్ళూ జమున, తనను నమ్మి ఆ పని అప్పగించారనుకుంది. తనకు తెలియకపోతేనే తన గొంతు పనికొస్తుందని ఎంచుకున్నారన్నమాట.

"వ్యాన్‌లో ఉన్నోళ్ళకు మాస్కులిచ్చారు," అంది మెల్లగా.

విశాలాక్షి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "జరిగింది జరిగిపోయింది. ఇప్పుడు ఇంకా పెద్ద నష్టం కాకుండా చూసుకోవాలి. గ్యాస్ వచ్చింది కొంచెమే. ఎక్కువమందిని పడేసింది భయం. ఒకళ్ళు దగ్గితే పదిమంది దగ్గారు. ఆవిడకు ముందునుంచీ ఉబ్బసం. విచారణకు ఇచ్చే రిపోర్టులో అదే రాస్తున్నాను. మీవాళ్ళకు తెలుగులో నువ్వు చెబితే నమ్ముతారు."

జమున ఆ చేతిని తీసేసి బయటికి వచ్చేసింది.

బస్తీకి వెళ్ళి ముందు సురేశ్ గదికి పోయింది. అతను నేలమీద కూర్చుని ఉన్నాడు. అతనికి అవ్వ తప్ప ఎవరూ లేరు.

"అన్నా, నాకు తెల్వదే. ఒట్టు. మా మేడమ్‌కు తెలుసు, నాకు చెప్పలే."

సురేశ్ తలెత్తలేదు. "గొంతు ఎవలిది జమునా?"

ఆమె గడప దాటి లోపలికి ఒక అడుగు వేసింది.

"మా అవ్వ నీ మేడమ్ పిలిస్తే రాలే. నువ్వు పిలిస్తే అచ్చింది. పో ఇగ."

నాలుగు వరసల్లోనూ తలుపులు అలాగే మూసుకున్నాయి. నీళ్ళ పంపు దగ్గర ఆమె రాగానే మాటలు ఆగిపోయేవి. సమ్మక్క కూడా కూతురితో మాట్లాడటం మానేసింది. ఒకనాడు మాత్రం మంచం మీదనుంచి ఆయాసపడుతూనే అంది: "వెంకటవ్వ రానన్నది బిడ్డా. ఆయాసమైతుంది, ఇంకోనాడు చూద్దాం అన్నది. రెక్కవట్టి గుంజుకొచ్చింది నేను." అని గోడవైపు తిరిగి పడుకుంది. సోమలింగం భార్య కాళ్ళ దగ్గర కూర్చుని, కూతురికేసి చూడకుండా, "ఏం చేస్తవో చెయ్యి, చేతులు ముడుసుకొని మాత్రం కూసోకు," అన్నాడు.

మర్నాటినుంచి జమున మళ్ళీ ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ కూర్చోమనలేదు. గడప బయటే నిలబడి అడిగేది. ఆ వేళ ఎక్కడున్నావు? గోడకు ఎంత దూరం? ఏమైంది? కొందరు తిట్టారు. తిట్టనిచ్చి మళ్ళీ అడిగింది. ఏ జబ్బూ చెయ్యనివాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళింది. రాత్రి పాళీ చేసి తలుపులేసుకుని పడుకున్నవాళ్ళు, పై అంతస్తు వరండాలో నిలబడి కింద జరిగేదంతా చూస్తూ కేకలు పెట్టినవాళ్ళు, అందరినీ అడిగింది.

అడిగేకొద్దీ సంగతి తేటపడింది. గోడ దగ్గర చాప మీద ఉన్నవాళ్ళకు అన్నిటికన్నా ఎక్కువ జబ్బు చేసింది. వెనక వరసకు పోయేకొద్దీ తగ్గింది. మూడో అంతస్తులో నిలబడి భయంతో గుండెలు బాదుకున్న ఆడవాళ్ళకు చిన్న దగ్గు కూడా లేదు. భయమే పడేసి ఉంటే ముందు వాళ్ళు పడిపోవాలి.

చివరి ఇంటి గడపలో నిలబడి ఈ మాట తట్టినప్పుడు జమునకు గెలిచినట్టు అనిపించలేదు. ఎవరికి జబ్బు చెయ్యలేదో అడగమన్నది ఎవరో గుర్తొచ్చింది. మేడమ్ రిపోర్టును పడగొట్టే పనిముట్టు తన చేతిలో మేడమే పెట్టింది.

ప్రమాదం మీద ప్రభుత్వ విచారణ బస్తీకి దగ్గర్లోని బడి హాల్లో జరిగింది. అధికారులు బల్ల వెనక కూర్చున్నారు. విశాలాక్షి తన వాదన నెమ్మదిగా, చక్కటి హిందీలో చెప్పింది. భయం ఎలా పాకుతుందో ఉదాహరణలతో వివరిస్తుంటే, వెనక బెంచీల మీద కూర్చున్న బస్తీవాళ్ళలో కొందరు తమకు వచ్చింది దగ్గేనా అని తామే అనుమానపడేటట్టు ఉంది.

తర్వాత జమునను పిలిచారు. ఆమె నల్లబల్ల మీద మిల్లు గోడ గీసింది, వరసలు గీసింది, ఎవరెవరు ఎక్కడున్నారో, ఎవరికేమైందో చెప్పింది. పై అంతస్తువాళ్ళ సంగతి చెప్పింది. గంట ముందు వచ్చిన ఫోను సంగతీ, వ్యాన్‌లో పంచిన మాస్కుల సంగతీ చెప్పింది. ఆఖరున అంది: "వాళ్ళను గ్యాస్‌లోకి పిలిచింది నేను. డ్రిల్ అని నమ్మి పిలిచాను. అది డ్రిల్ కాదని మేడమ్‌కు తెలుసు."

అధికారి విశాలాక్షివైపు తిరిగాడు. "ఇది నిజమా?"

ఆమె జమునను చూసింది. "ఆ అమ్మాయి షాక్‌లో ఉంది," అంది. "ఫోను చేసిన మాట నిజం. సమయం మార్చమని చెప్పానంతే. లీకు సంగతి నాకు తర్వాతే తెలిసింది."

తన గదిలో తలుపు మూసి 'తెలుసు' అన్న మనిషి, నలుగురిలో అలా అంది. గోడ దాటి వచ్చిన గ్యాస్ కూడా జమున ఊపిరిని అంతగా పట్టెయ్యలేదు.

వెనక బెంచీల్లోంచి ఎవరో లేచారు. జయదేవ్. ముఖం పాలిపోయి ఉంది. "మాస్కులు ముందే ఇచ్చారు సార్," అన్నాడు. "నేను వ్యాన్‌లోనే ఉన్నాను."

తేలడానికి నెలలు పట్టింది. వెంకటవ్వ చావుకు కారణం గ్యాస్ అని రాశారు. మిల్లు మేనేజరు అరెస్టయ్యి బెయిలు మీద బయటికొచ్చాడు. మిల్లు కొన్నాళ్ళు మూతపడి మళ్ళీ తెరుచుకుంది. క్లోరిన్ షెడ్డు మాత్రం గోడ దగ్గరనుంచి తీసేశారు. విశాలాక్షిని విభాగం బాధ్యతలనుంచి తప్పించారు. ఉద్యోగం మాత్రం ఉంది. జమున వేరే ప్రొఫెసరు కింద చదువు పూర్తిచేసింది. సురేశ్ ఒకరోజు పంపు దగ్గర ఆమె బిందె నిండాక పక్కకు జరిపిపెట్టాడు.

చివరి పరీక్ష అయిన రోజు కారిడార్లో మేడమ్ ఎదురైంది. కాస్త చిక్కింది. తప్పుకుని పోతుందనుకుంటే ఆగింది.

"నీ ప్రాజెక్టు రిపోర్టు చదివాను జమునా. చాలా పద్ధతిగా చేశావు."

ఆ మాటకు, ఒక్క క్షణం, జమున గుండె పాతరోజుల్లోలాగే సంతోషంతో ఎగిసింది. అది తెలిసిన మరుక్షణం మనసంతా చేదయింది. ఇంత చేసిన మనిషి మెప్పుకోసం తనలో ఏదో ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

"బడి హాల్లో ఎందుకు అట్లా చెప్పారు మేడమ్?"

విశాలాక్షి చేతిలోని కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడింది. "భయం వేసింది," అంది.

జమున కిందికి దిగి, అమ్రోలి బస్సు వస్తుంటే పరుగెత్తి ఎక్కింది. అమ్మను ఊపిరి పరీక్షకు తీసుకెళ్ళాలి.